పదిహేడు స్ట్రైకౌట్లు, ఒక ఓటమి

మన కాలేజీలో బేస్‌బాల్ టీమ్ లేదు. నాకు తెలిసి ఆ ఆట ఆడేవాళ్ళు కూడా లేరు. అయినా ఈసారి మన మ్యాగజైన్‌కి నేను రాస్తున్నది ఒక బేస్‌బాల్ ఆటగాడి గురించి. ఎందుకో ముందే చెప్పేస్తాను.

పోయిన సెమిస్టర్‌లో ఇంటర్ కాలేజ్ క్రికెట్ సెమీఫైనల్ ఆడాం. ముందు మా ఫీల్డింగ్. పదిహేడో ఓవర్లో నేరుగా నా చేతుల్లోకి వచ్చిన క్యాచ్ వదిలేశాను. అది ఎవరికైనా జరుగుతుంది. కానీ తర్వాతి ఓవర్లో బంతి మళ్ళీ నా వైపే వచ్చింది. మామూలు గ్రౌండ్ షాట్. చిన్నపిల్లాడైనా ఆపుతాడు. నేను మాత్రం ఇంకా ఆ క్యాచ్ దగ్గరే ఆగిపోయి ఉన్నాను. బంతి నా కాళ్ళ మధ్యలోంచి బౌండరీకి వెళ్ళింది. ఆఖరికి మూడు పరుగుల తేడాతో ఓడిపోయాం. లెక్క మీరే వేసుకోండి.

మా వాళ్ళు ఎవరూ ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ. హాస్టల్‌కి వచ్చి రెండు వారాలు కిట్ బ్యాగ్ ముట్టుకోలేదు.

ఆ రోజుల్లోనే బయోమెడికల్ ఎలక్టివ్ క్లాసులో మోటార్ న్యూరాన్ల గురించి పాఠం జరిగింది. స్టీఫెన్ హాకింగ్‌కి వచ్చిన జబ్బు ఏఎల్ఎస్ అని, అమెరికాలో దాన్ని లూ గెరిగ్ జబ్బు అంటారని సర్ ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్ళిపోయారు. ఎవరో డాక్టర్ పేరై ఉంటుందనుకుని ఫోన్‌లో వెతికాను. డాక్టర్ కాదు, బేస్‌బాల్ ప్లేయర్. అంతకంటే ముందు, మనలాగే ఇంజనీరింగ్ చదవడానికి కాలేజీలో చేరిన కుర్రాడు. ఆ రాత్రి మొదలుపెట్టిన చదవడం చాలా రోజులు సాగింది. అందులో నాకు దొరికింది మీతో పంచుకుందామని ఇది రాస్తున్నాను.

అమ్మ కోరిక

లూ గెరిగ్ 1903 జూన్ 19న న్యూయార్క్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు హెన్రిక్, క్రిస్టీనా జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్ళు. నలుగురు పిల్లల్లో బతికి బట్టకట్టింది ఇతనొక్కడే. తండ్రి రేకుల పని చేసేవాడు. ఒంట్లో బాగుండేది కాదు, పని దొరికేది కూడా అంతంతమాత్రమే. ఇల్లు నడిపింది తల్లి. ఇళ్ళలో వంట చేసింది, బట్టలు ఉతికింది, గదులు తుడిచింది.

ఆవిడకి ఒకటే కోరిక. కొడుకు బాగా చదువుకోవాలి, ఇంజనీరు కావాలి. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే గొంతు పట్టేసింది. వందేళ్ళ కిందటి న్యూయార్క్‌లో ఒక జర్మన్ తల్లికీ, మనలో చాలామంది ఇళ్ళల్లోని అమ్మలకీ ఒకటే కల.

కుర్రాడికేమో ఆటల పిచ్చి. 1920 జూన్‌లో అతని హైస్కూల్ జట్టు షికాగో వెళ్ళి అక్కడి స్కూల్ జట్టుతో ఆడింది. ఆడింది స్కూల్ గ్రౌండ్‌లో కాదు, పెద్ద లీగ్ జట్టు ఆడే స్టేడియంలో. పదివేల మందికి పైగా జనం. ఆఖరి ఇన్నింగ్స్‌లో బేసులన్నీ నిండి ఉన్నప్పుడు పదిహేడేళ్ళ గెరిగ్ కొట్టిన బంతి స్టేడియం బయట పడింది. పేపర్లలో పేరొచ్చింది.

మొదటి తప్పు

1921లో న్యూయార్క్‌లోనే ఉన్న కొలంబియా యూనివర్సిటీలో సీటొచ్చింది, అమెరికన్ ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్ మీద. అమ్మ అదే యూనివర్సిటీలో కుర్రాళ్ళు ఉండే ఒక హౌస్‌లో వంట చేసేది. కొడుకు చదువుకునే చోటే తల్లి గరిటె పట్టుకుని ఉండేదన్నమాట.

క్లాసులు మొదలవకముందే గెరిగ్ ఒక తప్పు చేశాడు. న్యూయార్క్ జెయింట్స్ మేనేజర్ జాన్ మెక్‌గ్రా అప్పటికే చాలా పెద్ద పేరున్న మనిషి. వేసవిలో మారుపేరుతో డబ్బుకి ఆడుకోమని, ఏమీ కాదని ఆయన సలహా ఇచ్చాడు. గెరిగ్ హెన్రీ లూయిస్ అనే పేరుతో హార్ట్‌ఫర్డ్ జట్టుకి డజను మ్యాచ్‌లు ఆడాడు. విషయం బయటపడింది. డబ్బు తీసుకుని ఆడినవాడు కాలేజీ జట్టులో ఆడకూడదన్నది రూలు. మొదటి ఏడాది మొత్తం కాలేజీ ఆటలకి దూరమయ్యాడు.

ఆడటానికే స్కాలర్‌షిప్ ఇచ్చిన చోట ఒక ఏడాది ఆట లేకుండా కూర్చోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. నేను రెండు వారాలకే కిట్ బ్యాగ్ మంచం కిందకి తోసేశాను. అతను ఏడాది ఆగాడు. 1922లో ఫుట్‌బాల్ ఆడాడు. 1923 వసంతంలో బేస్‌బాల్ జట్టులోకి వచ్చాడు. అతను కాలేజీ తరఫున ఆడిన బేస్‌బాల్ సీజన్ అదొక్కటే.

ఒకే ఒక్క సీజన్

ఇక్కడ బేస్‌బాల్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. బంతి వేసేవాడు పిచర్. బంతి నేల తాకకుండా నేరుగా బ్యాటర్ దగ్గరికి వస్తుంది. మూడు స్ట్రైకులు పడితే బ్యాటర్ ఔట్. దాన్ని స్ట్రైకౌట్ అంటారు. ఒక జట్టుకి తొమ్మిది ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కి మూడు ఔట్లు. అంటే మ్యాచ్ మొత్తంలో అవతలి జట్టువి 27 ఔట్లు తీయాలి.

బ్యాటింగ్ లెక్క ఇంకా విచిత్రం. వంద అవకాశాల్లో ముప్పైసార్లు హిట్ కొడితే గొప్ప బ్యాటర్ అంటారు. మిగతా డెబ్బైసార్లు ఫెయిలే. అంటే ఈ ఆటలో గొప్పవాడు కూడా ఎక్కువసార్లు తలదించుకుని వెనక్కి నడవాల్సిందే. పోయిన బంతిని మోసుకుంటూ వచ్చేవాడికి ఈ ఆట నరకం.

1923 ఏప్రిల్ 18. గెరిగ్ విలియమ్స్ కాలేజీ మీద పిచర్‌గా దిగాడు. క్యాంపస్ మధ్యలో ఉన్న సౌత్ ఫీల్డ్‌లో మ్యాచ్. చూసేవాళ్ళు గుప్పెడు మంది. ఎందుకంటే అదే రోజు అదే ఊళ్ళో యాంకీ స్టేడియం ప్రారంభం. ఊరంతా అక్కడే ఉంది. ఆ కొత్త స్టేడియంలో మొదటి హోమ్‌రన్ కొట్టింది బేబ్ రూత్, అప్పటికి ఆ దేశంలో అందరికీ తెలిసిన ఆటగాడు.

ఇవతల ఖాళీ గ్రౌండ్‌లో గెరిగ్ పదిహేడు మందిని స్ట్రైకౌట్ చేశాడు. 27లో 17. కొలంబియా జట్టుకి అది రికార్డు. అయినా కొలంబియా ఆ మ్యాచ్ ఓడిపోయింది.

నేను ఇక్కడ చదవడం ఆపి కాసేపు ఫోన్ పక్కన పెట్టాను. నా పని నేను వంద శాతం చేసినా ఓడిపోవచ్చన్నమాట. అలాంటప్పుడు మనమైతే ఏం చేస్తాం? అంపైర్‌ని తిడతాం, టీమ్‌మేట్స్‌ని తిడతాం, లేదంటే ఇంక ఆడి ఏం లాభం అనుకుంటాం. గెరిగ్ పది రోజుల తర్వాత, ఏప్రిల్ 28న, అదే సౌత్ ఫీల్డ్‌లో బ్యాట్ పట్టుకుని 450 అడుగుల హోమ్‌రన్ కొట్టాడు. మన లెక్కలో 137 మీటర్లు. బంతి గ్రౌండ్ దాటి 116వ వీధి, బ్రాడ్‌వే కలిసే మూల దగ్గర పడింది.

ఆ సీజన్‌లో అతని బ్యాటింగ్ సగటు .444. వందకి ముప్పై గొప్ప అన్న చోట 44 అన్నమాట. ఏడు హోమ్‌రన్‌లు. పిచర్‌గా మాత్రం ఆరు గెలుపులు, నాలుగు ఓటములు. ఆ ఓటములు మర్నాటి బ్యాటింగ్ మీద పడి ఉంటే ఈ .444 వచ్చేది కాదు.

యాంకీస్ జట్టు కోసం కుర్రాళ్ళని వెతికే స్కౌట్ పాల్ క్రిచెల్ కొన్నాళ్ళుగా అతని వెంటే తిరుగుతున్నాడు. ఆయన్ని ఆకట్టుకుంది పిచింగ్ కాదు, ఆ ఎడమచేతి బ్యాటింగ్. కాంట్రాక్టు ముందు పెట్టాడు. సంతకం చేస్తే 1,500 డాలర్లు చేతికొస్తాయి. ఇంట్లో అమ్మానాన్నలకి జబ్బు, చేతిలో పైసా లేదు. గెరిగ్ సంతకం చేశాడు. ఇంజనీరింగ్ మధ్యలోనే ఆగిపోయింది.

ఫ్రెండ్స్, ఇది చదివి ఎవరూ డ్రాపౌట్ కథ అనుకోకండి. చదువు బోరు కొట్టి వదిలేసిన కథ కాదిది. ఇల్లు గడవక వదిలేసిన కథ. అమ్మ కల తీరలేదు. తర్వాత డబ్బొచ్చాక న్యూ రోషెల్‌లో అమ్మానాన్నలకి ఇల్లు కొనిచ్చాడు.

రోజూ హాజరు

1923 జూన్ 15న యాంకీస్ తరఫున మొదటి మ్యాచ్. కానీ వెంటనే స్టార్ అయిపోలేదు. నేర్చుకోవడానికి మళ్ళీ హార్ట్‌ఫర్డ్‌కే పంపారు, ఒకప్పుడు మారుపేరుతో ఆడిన ఊరికే. ఈసారి సొంత పేరుతో 59 మ్యాచ్‌ల్లో 24 హోమ్‌రన్‌లు కొట్టాడు. ఫీల్డింగ్ మాత్రం అధ్వాన్నం. ఫస్ట్ బేస్ దగ్గర కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియని మనిషిలా ఉండేవాడట. ఆ ఒక్క లోపం మీద ఏళ్ళ తరబడి ప్రాక్టీస్ చేసి మంచి ఫీల్డర్ అయ్యాడు. ఇది పేపర్లో హెడ్‌లైన్ అయ్యే పని కాదు. మన ల్యాబ్ రికార్డు రాసుకోవడం లాంటి పని.

1925 జూన్ 1న ఒక బ్యాటర్ బదులు ఒక్కసారి బ్యాటింగ్‌కి దిగాడు. మర్నాడు, జూన్ 2న, మేనేజర్ మిల్లర్ హగిన్స్ ఫస్ట్ బేస్‌లో వాలీ పిప్‌ని పక్కన పెట్టి గెరిగ్‌ని దించాడు. ఆ తర్వాత దాదాపు పద్నాలుగేళ్ళు ఆ చోటు అతనిదే. వరసగా 2,130 మ్యాచ్‌లు, మధ్యలో ఒక్కటి కూడా మిస్సవకుండా. ఆ రికార్డు 56 ఏళ్ళు నిలబడింది. 1995లో కాల్ రిప్‌కెన్ జూనియర్ దాటాడు.

మనకి డెబ్బై ఐదు శాతం అటెండెన్స్‌కే ప్రాణం పోతుంది కదా. 2,130కి నూటికి నూరు. అది కూడా ఒళ్ళు బాగున్న రోజుల్లోనే కాదు. తర్వాత తీసిన ఎక్స్‌రేల్లో అతని చేతుల్లో పదిహేడు పాత ఎముక విరుగుళ్ళు కనిపించాయని చెబుతారు. 1934 జూన్ చివర్లో ఒక ఎగ్జిబిషన్ మ్యాచ్‌లో బంతి తలకి తగిలి స్పృహ తప్పాడు. మర్నాడు వాషింగ్టన్‌లో దిగి మూడు ట్రిపుల్స్ కొట్టాడు. వాన వచ్చి ఆ మ్యాచ్ రద్దయింది, ఆ మూడూ లెక్కలోకి రాలేదు. తలకి దెబ్బ తగిలితే ఇప్పుడు ఎవరూ అలా ఆడనివ్వరు, ఆడకూడదు కూడా. నేను చెప్పేది ఆ మొండితనం గురించి కాదు.

అతని మంచి రోజులన్నీ ఎలా గడిచాయో చూడండి. 1927లో 47 హోమ్‌రన్‌లు కొట్టాడు. అదే ఏడాది అదే జట్టులో బేబ్ రూత్ 60 కొట్టాడు. 1932 జూన్ 3న ఒకే మ్యాచ్‌లో నాలుగు హోమ్‌రన్‌లు కొట్టాడు. ఆ శతాబ్దంలో అంతవరకూ ఎవరూ చేయనిది. మర్నాడు పేపర్లలో పెద్ద వార్త మాత్రం వేరే. అదే రోజు జాన్ మెక్‌గ్రా ముప్పై ఏళ్ళ తర్వాత జెయింట్స్ మేనేజర్‌గా తప్పుకున్నాడు. ఒకప్పుడు తప్పుడు సలహా ఇచ్చిన ఆ పెద్దమనిషే ఇప్పుడు హెడ్‌లైన్ కూడా పట్టుకుపోయాడు.

ఎవరు చూస్తున్నారన్న లెక్క పెట్టుకుని ఉంటే గెరిగ్ ఎప్పుడో నీరుగారిపోయేవాడు. ఫోకస్ అంటే నేను ఇన్నాళ్ళూ పళ్ళు బిగించి, కళ్ళు పెద్దవి చేసుకుని నిలబడటం అనుకున్నాను. ఇతన్ని చదివాక నాకు అర్థమైంది వేరు. ఇప్పుడు వచ్చే బంతి తప్ప మిగతావన్నీ, పోయిన బంతి, స్కోరు, జనం, పేపరు, ఒక్కొక్కటిగా కింద పెట్టేయడం. అది ఒకసారి చేస్తే సరిపోదు. ప్రతి బంతికీ మళ్ళీ చేయాలి. 1934లో సగటు, హోమ్‌రన్‌లు, తన బ్యాటింగ్‌తో జట్టుకి తెచ్చిపెట్టిన పరుగులు మూడింట్లోనూ లీగ్‌లో మొదటివాడై ట్రిపుల్ క్రౌన్ గెలిచాడు. జట్టుతో ఏడు వరల్డ్ సిరీస్‌లు ఆడి ఆరు గెలిచాడు. మొత్తం కెరీర్ సగటు .340. అంటే వందలో 66 సార్లు ఫెయిలైనవాడే.

అతన్ని దేవుణ్ణి చేయదలచుకోలేదు. 1934 జూలైలో నడుము పట్టేసి నిలబడలేని స్థితి. వరస తెగిపోతుందని మర్నాడు అతని పేరు లిస్టులో మొదటి బ్యాటర్‌గా వేశారు. ఒక్కసారి బ్యాటింగ్ చేసి, హిట్ కొట్టి, వెంటనే బయటికి వచ్చేశాడు. ఇది ఆట కోసం చేసింది కాదు, అంకె కోసం చేసింది. అంకె మీద మమకారం అతనికీ ఉంది. అందుకే ఆ తర్వాత జరిగింది నాకు ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది.

డెట్రాయిట్‌లో ఆ రోజు

1938లో అతని ఆట తగ్గింది. సగటు .295. వేరేవాళ్ళకి అది మంచి సీజనే. అతనికి కాదు. 1939 సీజన్‌కి ముందు ప్రాక్టీస్‌లోనే బలం లేనట్టు తెలిసిపోయింది. బంతి బ్యాట్‌కి తగులుతుంది గానీ దూరం పోదు. పరిగెత్తితే కాళ్ళు తడబడతాయి. తన లోపమే అనుకుని ఇంకా ఎక్కువ ప్రాక్టీస్ చేశాడు. మొదటి ఎనిమిది మ్యాచ్‌ల్లో 28 అవకాశాలకి నాలుగు హిట్లు. ఏప్రిల్ 30న ఫస్ట్ బేస్ దగ్గర ఒక మామూలు ఔట్ పూర్తిచేస్తే, తోటి ఆటగాళ్ళు భుజం తట్టి మెచ్చుకున్నారని చెబుతారు. అది అతనికి గుచ్చుకుంది. మామూలు పనికి మెచ్చుకోలు వస్తోందంటే తన పరిస్థితి ఎక్కడికి వచ్చిందో అర్థమైంది.

మేనేజర్ జో మెక్‌కార్తీ అతన్ని తీసేయలేదు, తీసేసే ఉద్దేశమూ లేదు. 1939 మే 2న డెట్రాయిట్‌లో గెరిగ్ తానే వెళ్ళి, జట్టు మంచి కోసం ఈరోజు తనని దించొద్దని చెప్పాడు. కెప్టెన్ కాబట్టి తన పేరు లేని లిస్టు తానే పట్టుకెళ్ళి అంపైర్లకి ఇచ్చాడు. స్టేడియంలో ఆ సంగతి చెప్పగానే అవతలి ఊరి జనం లేచి చప్పట్లు కొట్టారు. అతని బదులు బేబ్ డాల్‌గ్రెన్ ఆడాడు. ఆ రోజు యాంకీస్ 22-2 తేడాతో గెలిచింది. అతను డగౌట్‌లో కూర్చుని చూశాడు.

పదిహేడు స్ట్రైకౌట్లు చేసిన రోజు జట్టు ఓడింది. పద్నాలుగేళ్ళలో మొదటిసారి అతను ఆడని రోజు జట్టు ఇరవై పరుగుల తేడాతో గెలిచింది. ఈ రెండు రోజుల్నీ పక్కపక్కన పెట్టుకుని నేను చాలాసేపు ఆలోచించాను. రెండు రోజులూ అతను చేసింది ఒకటే, ఆ రోజుకి జట్టుకి తన వల్ల ఏమవుతుందో అది చేశాడు. మొదటి రోజు అది బంతి వేయడం. రెండో రోజు అది పక్కకి తప్పుకోవడం. రెండోది ఎంత కష్టమో క్యాచ్ వదిలేసినవాడికి కొంచెం తెలుస్తుంది.

జూన్‌లో మేయో క్లినిక్‌లో పరీక్షలు చేశారు. ఫలితం తెలిసింది సరిగ్గా అతని 36వ పుట్టినరోజున. ఏఎల్ఎస్. కండరాల్ని కదిలించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి, బుద్ధి మాత్రం చాలామందిలో అలాగే ఉంటుంది. నయం చేసే మందు లేదు. జూలై 4న యాంకీ స్టేడియంలో అతనికి సన్మానం జరిగింది. 61 వేల మందికి పైగా వచ్చారు. 1923లో ఊరంతా అక్కడుండగా ఖాళీ గ్రౌండ్‌లో ఆడిన కుర్రాడి కోసం ఇప్పుడు ఊరే అక్కడికి వచ్చింది. అతను మాట్లాడింది కొద్దిసేపే. జబ్బు గురించి ఏడవలేదు. తనకి దొరికిన మనుషుల్ని తలుచుకుని, వంటలు చేసి చదివించిన అమ్మనీ తలుచుకుని, తను అదృష్టవంతుణ్ణి అన్నాడు. అతని జెర్సీ నంబర్ 4ని ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టారు. మేజర్ లీగ్‌లో అలా జరగడం అదే మొదటిసారి.

ఆ తర్వాత ఊరికే కూర్చోలేదు. న్యూయార్క్ మేయర్ లా గార్డియా అతన్ని పెరోల్ కమిషనర్‌గా వేశారు. జైల్లో ఉన్నవాళ్ళని ఎవర్ని ఎప్పుడు విడుదల చేయాలో తేల్చే పని. చేతులు సహకరించని స్థితిలో కూడా ఆఫీసుకి వెళ్ళి ఫైళ్ళు చూశాడు. తను చేసే జైలు సందర్శనలు పేపర్లో రాకూడదని పట్టుబట్టాడు. చనిపోవడానికి నెల ముందు వరకూ ఆ పనిలోనే ఉన్నాడు. 1941 జూన్ 2న కన్నుమూశాడు. ఫస్ట్ బేస్‌లో పిప్ చోటు అందుకున్న రోజుకి సరిగ్గా పదహారేళ్ళు. వయసు 37.

మళ్ళీ గ్రౌండ్‌లోకి

నేను అతనిలాంటివాణ్ణి కాదు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఒక చిన్న అలవాటు చేసుకున్నాను. ప్రాక్టీస్‌లో ఏదైనా తప్పు చేస్తే కిందకి వంగి, బొటనవేలితో నేల తాకి లేస్తాను. ఆ తప్పుని అక్కడ పెట్టేసినట్టు నాకు నేను చెప్పుకోవడం అది. మావాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. పోయిన వారం ప్రాక్టీస్ మ్యాచ్‌లో మళ్ళీ ఒక క్యాచ్ వదిలేశాను. నేల తాకి లేచాను. తర్వాతి బంతి నా వైపే వచ్చింది. ఆపాను. ఒక్క పరుగే వెళ్ళింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మామూలు ఫీల్డింగే కదా. కానీ ఆ సాయంత్రం కిట్ బ్యాగ్ మంచం కింద కాకుండా తలుపు పక్కన పెట్టుకుని పడుకున్నాను. పొద్దున్నే ఆరింటికి ప్రాక్టీస్ ఉంది మరి.